ఉక్కపోతలో గడ్డకట్టిన నీళ్లు

ఆ రోజు ల్యాబ్‌లో ఏసీ పనిచేయలేదు. చొక్కా వీపుకి అతుక్కుపోతోంది. మైక్రోస్కోపు కింద మాత్రం నేను నీళ్లను గడ్డకట్టించే పనిలో ఉన్నాను.

ఎదురెదురుగా రెండు వజ్రాల మొనలు, మధ్యలో లోహపు రేకు, దానికి కంటికి ఆనీ ఆనని కన్నం, అందులో నీటి చుక్క. వజ్రాల్ని దగ్గరికి నొక్కే మరల్ని అలెన్ కీతో కొద్దికొద్దిగా బిగిస్తూ పోవాలి. మొదటి రెండుసార్లు గాలి బుడగ చిక్కుకుంటే అంతా విప్పి మళ్లీ నింపాను. "అన్నీ సమానంగా తిప్పు. వజ్రం పగిలిందంటే ఇద్దరం ఇంటికే" అంది సీనియర్ అక్క. ఇక టెన్షన్ కాక ఏముంటుంది! నీళ్లలో వేసిన కెంపు రవ్వే మా పీడన మీటరు. లేజర్ తగిలితే ఎర్రగా వెలుగుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ ఆ వెలుగు తరంగదైర్ఘ్యం కూడా పెరుగుతుంది.

వాతావరణ పీడనానికి 10,000 రెట్లు దాటినా నీళ్లు కదల్లేదు. ఇంకాస్త బిగించాను. రెప్పపాటులో కన్నమంతా మసకబారింది. ఐస్ 6! అంటే భారీ ఒత్తిడిలో ఏర్పడే మరో రకం ఐస్. తర్వాత మరలు వదులు చేసి, ఒక్క ఐస్ రవ్వ మిగిలేదాకా కరిగించి, మళ్లీ మెల్లగా బిగిస్తే అదే అంచులు తేలి ముద్దొచ్చే స్ఫటికంలా పెరిగింది. అది నీటికంటే బరువు. మన ఫ్రిజ్‌లో ఐస్‌లా తేలదు, మునుగుతుంది.

నొక్కితే ఐస్ కరుగుతుందని బడిలో చదువుకున్నాం కదా. అది సగం కథే. సుమారు 2,100 రెట్ల పీడనం వరకే ఆ మాట నిజం. అక్కడికి నీరు గడ్డకట్టే ఉష్ణోగ్రత మైనస్ 22 డిగ్రీలకు దిగుతుంది. ఆపైన వేరే రకం ఐస్‌లు మొదలవుతాయి, ఉష్ణోగ్రత మళ్లీ పైకి ఎక్కుతుంది. 30,000 రెట్ల దగ్గర ఐస్ 7 మరిగే నీళ్లంత వేడిలోనూ కరగదు. ఈ మలుపు సంగతి ఎమ్మెస్సీ దాకా నాకెవరూ చెప్పలేదు, ఆ కోపం ఇంకా ఉంది.

హార్వర్డ్‌లో భౌతికశాస్త్రవేత్త పెర్సీ బ్రిడ్జ్‌మన్ 1912 నాటికే ఐస్ 5, 6 సంగతి రాశాడు. ఆయనకు ఈ వజ్రాల కిటికీ లేదు. పిస్టన్ ఎంత లోపలికి దిగిందో కొలిచి, ఘనపరిమాణం ఒక్కసారిగా తగ్గిన చోటును పట్టుకున్నాడు. చూడకుండానే!

సాయంత్రం మరలు వదిలేస్తే నా స్ఫటికం మళ్లీ నీటి చుక్కైంది. 2018లో మాత్రం భూమి లోతుల్లోంచి వచ్చిన వజ్రాల్లో ఐస్ 7 దొరికిందని చదివాను. లోపల చిక్కిన నీరు, వజ్రం పైకొచ్చి చల్లబడినా ఒత్తిడి సడలక, అలా గడ్డకట్టిందట. దానికి ఎవరూ మరలు తిప్పలేదు.