పాము పెట్టెలో బతికున్న ఎలుక

మా ఇంట్లో ఉన్న బాల్ పైథాన్ అనే చిన్నరకం కొండచిలువను మొదటిసారి చూసినవారు దాని రంగును మెచ్చుకున్న తరువాత దాదాపుగా ఒకే ప్రశ్న అడుగుతారు. శరీరం సగం దాటిన చోట, వెన్నెముకకు ఎడమ పక్కన, బొటనవేలంత మేర పొలుసుల వరస చెదిరిపోయి, చర్మం పాలిపోయి ముడతపడి ఉంటుంది. దానికి కాస్త దిగువన అలాంటిదే మరొక చిన్న మచ్చ ఉంది. కాలిందా అని కొందరు, చర్మరోగమా అని కొందరు అడుగుతారు. ఎలుక కొరికిందని చెబితే ఎక్కువమంది నవ్వుతారు, ఎందుకంటే పాము ఎలుకను తింటుందని చిన్నప్పటి నుంచి విన్నవారికి ఎలుక పామును తిన్నదన్న మాట తలకిందులుగా వినిపిస్తుంది. తిన్నది నిజమే. తినే అవకాశం కల్పించినవాణ్ణి నేను.

పాములను పెంచడం మొదలుపెట్టిన రెండో ఏడాది జరిగిన సంగతి ఇది. అప్పట్లో నేను దానికి బతికున్న ఎలుకలనే వేసేవాణ్ణి. అదే సహజమనీ, చచ్చిన ఎలుకను పాము ముట్టదనీ ఎవరో చెప్పగా నమ్మాను. అంతకుముందు పదిపదిహేనుసార్లు ఏ ఇబ్బందీ రాకపోవడంతో ఆ నమ్మకం గట్టిపడింది కూడా. ఆ సాయంత్రం ఎలుకను గాజు పెట్టెలోకి వదిలినప్పుడు పాము తల ఎత్తి, రెండుమూడుసార్లు నాలుక ఆడించి, మెల్లగా తన గూటిలోకి జారుకుంది. రాత్రి వేటాడే జంతువు కదా, చీకటి పడ్డాక తింటుందిలే అనుకొని దీపం ఆర్పి పడుకున్నాను. తెల్లవారి చూసేసరికి పాము గూటిలో ముద్దగా చుట్టుకొని ఉంది, ఎలుక నీళ్ళ గిన్నె పక్కన కూర్చొని ముందుకాళ్ళతో మూతి తుడుచుకుంటోంది. గూడు ఎత్తి చూస్తే పాము వీపు మీద రెండు చోట్ల చర్మం లేదు. పెద్ద గాయంలో ఎర్రటి కండ, దాని అడుగున ఒక పక్కటెముక తెల్లగా కనిపించాయి.

పాముల వైద్యం తెలిసిన పశువైద్యురాలు గాయాన్ని చూసి నన్ను తిట్టలేదు. "రాత్రంతా ఎలుక లోపలే ఉందన్నారు కదా, మరి దానికి తినడానికి ఏం పెట్టారండీ?" అని మాత్రం అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఎలుక పాముకు ఆహారమన్న సంగతి తప్ప దానికీ ఆకలి వేస్తుందన్న సంగతి నాకు తట్టనే లేదు.

ఆమె ప్రశ్నలోనే ప్రమాదమంతా ఉందని తరువాత అర్థమైంది. ఎలుక ముందుపళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ఏడాదికి 10 సెంటీమీటర్లకు పైగా పెరిగే ఆ పళ్ళు ఒకదానితో ఒకటి రాసుకుంటూ, దొరికిన ప్రతిదాన్నీ కొరుకుతూ అరిగితేనే అదుపులో ఉంటాయి. పంటి ముందువైపు ఎనామిల్‌లో ఇనుము ఉండడం వల్ల అది చాలా గట్టిది, ఎలుక పళ్ళకు పసుపు, నారింజ కలిసిన రంగు వచ్చేదీ దానివల్లనే. వెనకవైపు మెత్తగా ఉండి త్వరగా అరిగిపోతుంది కనుక అంచు ఎప్పుడూ ఉలిలా పదునుగా ఉంటుంది. పైగా అది సర్వభక్షి. గింజ, పండు, మాంసం అన్న భేదం లేకుండా తినే ప్రాణిని, చిన్న శరీరం కావడంతో రాత్రంతా మేస్తూనే ఉండవలసిన ప్రాణిని, తినదగిన వస్తువు మరొకటి లేని పెట్టెలో కదలని మాంసం పక్కన పన్నెండు గంటలు ఉంచితే అది చేసే పని ఊహించడానికి పెద్ద పరిజ్ఞానం అక్కరలేదు. అది పాము మీద కక్షతో చేసిన పని కాదు, ఆత్మరక్షణ కూడా కాదు. ఆకలి వేసింది, తిన్నది.

మరి అంత బలమైన పాము ఎందుకు ఊరుకుంది? నన్ను చాలాకాలం వేధించిన ప్రశ్న ఇది. పాము దూకి పట్టడమన్నది ఎర కోసం సిద్ధంగా ఉన్నప్పుడు జరిగే చర్య. ఆ సిద్ధత లేనప్పుడు ఎలుక దానికి ఎర కాదు, కేవలం తన మీద తిరుగుతున్న ఒక అలజడి. పాము శరీరానికి సొంత వేడి ఉండదు కనుక, హీటర్ ఆగిపోయి పెట్టె చల్లబడితే కండరాలు మందగించి, పారిపోవడానికి కూడా ఓపిక ఉండదు. కుబుసం విడిచే ముందు పాత చర్మానికీ కొత్త చర్మానికీ మధ్య ద్రవం చేరి కళ్ళు పాలనీలంగా మసకబారుతాయి. ఆ రోజులలో చాలా పాములు తిండి ముట్టవు, దాక్కోవడానికే చూస్తాయి. నా పాము కళ్ళు ఆ సాయంత్రమే మసకబారడం మొదలైందనీ, నేను గమనించలేదనీ వైద్యురాలు చూపిస్తే గాని తెలియలేదు. ఇక బాల్ పైథాన్‌కు ప్రత్యేకమైన మరొక స్వభావం ఉంది. భయపడితే అది తలను మధ్యలో దాచుకొని బంతిలా చుట్టుకుంటుంది, దానికి ఆ పేరు వచ్చింది అందుకే. తనను మింగబోయే పెద్ద జంతువు నుంచి తలను కాపాడుకోవడానికి ఆ భంగిమ పనికొస్తుందేమో గాని, పళ్ళతో గీకి తినే చిన్న జంతువుకు అది వీపును పళ్ళెంలో పెట్టి అందించినట్టే అవుతుంది. పైగా ఈ జాతి పాములు ఆరోగ్యంగా ఉండి కూడా నెలల తరబడి తిండి మానేస్తాయి. అంటే, వేసిన ఎలుకను తినకపోవడం వీటి విషయంలో తరచుగా జరిగేదే.

ఆకలిగా ఉన్న పాముకైతే ప్రమాదం లేదనుకోకూడదు. గురి తప్పి పిరుదు దగ్గర పట్టుకుంటే ఎలుక తల స్వేచ్ఛగా ఉంటుంది, అది వెనుదిరిగి అందిన చోట కొరుకుతుంది, అందేది చాలాసార్లు పాము ముఖమే. పాముకు కనురెప్పలు ఉండవు. కంటి మీద ఉండేది పారదర్శకమైన ఒక పొలుసు మాత్రమే, అది చిరిగితే కన్ను పోవచ్చు. నోటి లోపలి గాయంలో సూక్ష్మక్రిములు చేరి చిగుళ్ళు కుళ్ళే జబ్బు మొదలవుతుంది. పైథాన్‌లాగే ఎరను చుట్టి చంపే బోవా అనే పాము చుట్ట బిగించినప్పుడు ఎలుక చనిపోయేది ఊపిరాడక కాదనీ, కొద్ది సెకన్లలోనే రక్తప్రసరణ స్తంభించడం వల్లననీ 2015లో ప్రచురితమైన ఒక పరిశోధన కొలిచి చూపింది. చుట్ట ఛాతీ మీద సరిగ్గా పడినప్పటి మాట అది. సరిగ్గా పడకపోతే ఆ కొద్ది సెకన్లు నిమిషాలవుతాయి, పెద్ద ఎలుక పళ్ళకు అంత సమయం అక్కరలేదు.

"అడవిలో దానికి ఎవరు చంపి పెడుతున్నారు?" అన్న వాదన నేనూ చేసినవాణ్ణే కాబట్టి దానికి జవాబు చెప్పవలసిన బాధ్యత నాకుంది. అడవిలో పాము తనకు ఆకలైనప్పుడు, తాను ఎంచుకున్న చోట, తగినంత వెచ్చగా ఉన్నప్పుడు మాటు వేస్తుంది. కుబుసం రోజులలో కన్నంలో పడుకుంటుంది, అప్పుడు దాని పక్కకు ఎలుకను ఎవరూ తెచ్చి వదలరు. ఎలుక తప్పించుకుంటే వెళ్ళిపోతుంది, పాము వద్దనుకుంటే అదీ వెళ్ళిపోతుంది. ఇంతా చేసి అడవి పాముల ఒంటి మీద కూడా ఎలుకలు చేసిన మచ్చలు కనిపిస్తూనే ఉంటాయి. గాజు పెట్టె ఈ ఇద్దరికీ ఉన్న దారిని మూసేస్తుంది. వేళను, చోటును, ఎర పరిమాణాన్ని, ఉష్ణోగ్రతను మనిషే నిర్ణయించిన తరువాత మిగిలిన ఒక్క చివరి ఘట్టాన్ని మాత్రం ప్రకృతి అని పిలవడం నాకు ఇప్పుడు విచిత్రంగా తోస్తుంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు గాని, ఈ పెట్టెలో సంకటం ఇద్దరిదీ. చెలగాటం ఎవరిదైనా ఉంటే అది గాజుకు ఇవతల నిలబడి చూసేవారిదే.

గాయం మానడానికి పట్టిన కాలం నాకు అసలైన పాఠం. పాముల తెల్ల రక్తకణాలలో చీమును ద్రవంగా మార్చే ఎంజైములు కొరవడడం వల్ల వాటి చీము కారదు, గట్టిపడిన జున్నులా లోపలే ఉండిపోతుంది, కాబట్టి పైకి మానినట్టు కనిపించే గాయం కింద గడ్డ కట్టి ఉండవచ్చు. గాయాన్ని కడిగి, చచ్చిన కండ తీసి, అంచులు లోపలికి ముడుచుకోకుండా బయటికి తిప్పి కుట్లు వేశారు. మనుషులకు పది రోజులలో విప్పే కుట్లను పాములకు ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంచుతారని అప్పుడే విన్నాను. సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయోటిక్ సూదిమందు 72 గంటలకు ఒకసారి, అంత నెమ్మదిగా ఆ శరీరం మందును ఖర్చు చేస్తుంది. చెక్కపొట్టు తీసేసి కాగితం పరిచాను, పెట్టె వెచ్చదనాన్ని ఆమె చెప్పిన మేరకు స్థిరంగా ఉంచాను. ఇప్పటికీ ప్రతి కుబుసంలోనూ మచ్చ ఉన్న చోట పాత చర్మం అతుక్కుపోతుంది, తడిగుడ్డతో నానబెట్టి తీయాలి. ఇది కొన్ని నెలల పని కాదు. అమెరికాలోని సెయింట్ లూయిస్ జూలో 1961 నుంచి ఉన్న ఒక బాల్ పైథాన్ 2020లో గుడ్లు పెట్టింది. అంత కాలం కాకపోయినా ఇరవై ముప్పై ఏళ్ళు బతికే జంతువు వీపు మీద నా ఒక్క రాత్రి నిద్రకు గుర్తు ఉండిపోయింది.

జబ్బుల సంగతి క్లుప్తంగా చెబుతాను. బయట పట్టిన ఎలుకను పాముకు వేయడమంటే దాని పురుగులను, పిడుదులను, అది తిని ఉండగల ఎలుకల మందును కూడా పాముకు పెట్టడమే. పట్టుకునే చేతికి కాటు పడితే ఎలుక కాటు జ్వరం రావచ్చు. సియోల్ వైరస్ అనే హాంటా వైరస్ 2017లో అమెరికా, కెనడాలలో పెంపుడు ఎలుకల నుంచి మనుషులకు సోకింది. పాములకు పెట్టడానికి చంపి గడ్డకట్టించిన ఎలుకలకు కూడా ఈ విషయంలో పూర్తి మినహాయింపు లేదు. గడ్డకట్టిస్తే చాలా పరాన్నజీవులు చస్తాయి గాని సాల్మొనెల్లా అనే బాక్టీరియా చావదు, 2010లో అమెరికాలో అలాంటి ఎలుకల ద్వారా మనుషులకు అది వ్యాపించింది. చేతులు సబ్బుతో కడుక్కోవడం, వంట గిన్నెలను ఈ పనికి వాడకపోవడం తప్పనిసరి.

ఎలుక వైపు నుంచి ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. భయపడిన ఎలుక 22 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో కూతలు పెడుతుంది. మన చెవి 20 దాటితే వినలేదు. ఆ పదిపదిహేనుసార్లూ పెట్టె నిశ్శబ్దంగా ఉందని నేను అనుకున్నది అందువల్లనే కావచ్చు.

గాయం మానాక పామును గడ్డకట్టించిన ఎలుకలకు మళ్ళించడం నేను భయపడినంత కష్టం కాలేదు గాని, విన్నంత సులువూ కాలేదు. ముందురోజు రాత్రి ఎలుకను ఫ్రీజర్ నుంచి తీసి కింది అరలో పెట్టి కరగనివ్వాలి, మధ్యలో గట్టిదనం మిగలకూడదు. తరువాత సంచిలో మూసి వేడినీళ్ళలో ఉంచి, బతికున్న ఎలుక ఒంటి వేడి కన్నా కాస్త ఎక్కువకు, అంటే 38 నుంచి 40 డిగ్రీలకు తేవాలి. మైక్రోవేవ్‌లో పెట్టకూడదు, లోపల ఉడికిపోయి పొట్ట పగులుతుంది. బాల్ పైథాన్ పెదవుల మీద వేడిని పసిగట్టే గుంటలు ఉంటాయి, చల్లని ఎలుక వాటికి రాయితో సమానం. మొదటిసారి నేను చేసిన తప్పు అదే: ఒళ్ళంతా గోరువెచ్చగా ఉంది, తల మాత్రం చల్లారిపోయింది. పాము వాసన చూసి తిరిగి పడుకుంది. రెండోసారి పొడవాటి పటకారుతో పట్టుకొని మరీ దగ్గరగా ఆడించాను, బెదిరి బంతిలా చుట్టుకుంది. మూడోసారి దీపం తగ్గించి, గూటి ముందు జానెడు దూరంలో తల వైపు మరికాస్త వెచ్చగా ఉంచి, మెల్లగా రెండంగుళాలు కదిలించి ఆపాను. చాలాసేపటి తరువాత, నా చెయ్యి తిమ్మిరెక్కి ఇక లాభం లేదనుకుంటుండగా, పట్టింది. పట్టిన తరువాత చచ్చిన ఎలుక చుట్టూ అంతే శ్రద్ధగా చుట్ట బిగించడం చూసి నవ్వు వచ్చింది. ఈ ప్రయత్నాల మధ్య ప్రతిసారీ వారం పైగా ఎడం ఇచ్చాను. ఎదిగిన ఆరోగ్యమైన పాముకు ఆ పస్తు లెక్కలోది కాదు, బరువు తూచుకుంటూ ఉంటే చాలు.

ఎన్ని చేసినా చచ్చిన ఎరను ముట్టని పాములు కొన్ని ఉంటాయని ఒప్పుకుంటాను. వాటి యజమానులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కళ్ళు తెరవని, వెంట్రుకలు మొలవని ఎలుకపిల్లలకు పళ్ళే ఉండవు కనుక చిన్న పాముల విషయంలో కాటు భయం లేదు. పెద్ద ఎలుక వేయక తప్పనప్పుడు పెట్టె ముందు నుంచి కదలకూడదు, పక్కన పటకారు ఉండాలి, పావుగంటలో పట్టకపోతే ఎలుకను తీసేయాలి. ఫోను మోగిందని పక్క గదిలోకి వెళ్ళేవారు ఆ రోజుకు మానుకోవడం మేలు.

ఇప్పుడు ఎలుకను కరగబెట్టే ముందు నేను మొదట చూసేది పాము కళ్ళు. పోయిన వారం చూసి కూడా పొరబడ్డాను. తేటగానే ఉన్నాయనుకొని ఎలుకను సిద్ధం చేసి గూటి ముందు పెట్టి పడుకున్నాను. పొద్దున లేచేసరికి పాము కళ్ళు నీలంగా మారి ఉన్నాయి, ఎలుక పెట్టినచోటనే పడి ఉంది. ఒకసారి కరిగినదాన్ని మళ్ళీ గడ్డకట్టించకూడదు కనుక కాగితంలో చుట్టి చెత్తలో పారేసి, పెట్టె తుడిచి, నీళ్ళు మార్చాను.