మావాడి ఊరి కచేరీ

హెవీ మెటల్ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ తన ఆఖరి టూర్‌ని సొంతూరు, ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లోనే ముగించింది. 2016 జనవరిలో అమెరికాలోని ఒమాహాలో మొదలైన ‘ది ఎండ్’ టూర్ 2017 ఫిబ్రవరి 4న ఇక్కడి జెంటింగ్ అరీనాలో 81వ కచేరీతో పూర్తయింది. ఆ రాత్రి చేసిన రికార్డింగ్ అదే ఏడాది నవంబరులో విడుదలైంది. మా హాల్లో ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువగా మోగేది అదే. మావాడికి పద్నాలుగేళ్ళు. పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే. ఆ అరీనా పేరు తర్వాత మారింది కానీ భవనం మాత్రం ఎయిర్‌పోర్టు పక్కనే అలాగే ఉంది. ఇండియా నుంచి వచ్చే పెద్దవాళ్ళను తీసుకురావడానికి వెళ్ళేటప్పుడల్లా కారులోంచి దాన్ని చూపించి, “అమ్మా, అక్కడే” అంటాడు.

తెలిసిన తెలుగు తల్లులు నన్ను అడిగే మొదటి మాట ఒక్కటే. ఆ నల్ల టీషర్టులు, ఆ శిలువలు, ఆ పేరు చూస్తే నీకు భయం వెయ్యదా అని. నేను మావాడితో కలిసి కూర్చుని ఆ పాటల మాటలు చదివాను. ‘వార్ పిగ్స్’ అనే పాట పూర్తిగా యుద్ధానికి వ్యతిరేకం. పెద్దవాళ్ళు కుర్చీల్లో కూర్చుని యుద్ధాలు మొదలుపెడితే చచ్చేది పేదవాళ్ళని తిట్టిపోస్తుంది. ఇక ఆ శిలువలు. బ్యాండ్ గాయకుడు ఓజీ ఆస్బోర్న్ వాళ్ళ నాన్న ఫ్యాక్టరీలో పనిముట్లు తయారుచేసే కార్మికుడు. బ్యాండ్ కుర్రాళ్ళకు ఏ చెడూ తగలకూడదని ఆయనే లోహంతో శిలువలు చేసి ఇచ్చాడు, నలుగురూ మెళ్ళో వేసుకున్నారు. ఇది విన్నాక మా అత్తగారు, “తాయెత్తు కట్టాడన్నమాట పాపం, తండ్రి కదా” అన్నారు. అంతే, ఇంట్లో ఆ చర్చ అక్కడితో ఆగిపోయింది.

దాచాల్సినవి లేవని కాదు. ఆ కచేరీలో ‘స్నోబ్లైండ్’ ఉంది, అది కొకైన్ గురించి. ఈ మనుషులు మత్తుతో, తాగుడుతో ఎంత పోగొట్టుకున్నారో, 1979లో ఓజీని బ్యాండ్‌లోంచి ఎందుకు తీసేశారో మావాడికి నేనే చెప్పాను. ఈ వయసు పిల్లలకు ఆ సంగతులు బయట ఎలాగూ తెలుస్తాయి. ఇంట్లో, పాట ఆపి, మామూలు గొంతుతో చెప్పుకునే వీలు ఈ రికార్డింగ్ వల్ల దొరికింది. సూక్తులు చెప్పి ఉంటే వాడు లేచి వెళ్ళిపోయేవాడు.

మా నాన్నగారు విశాఖ నుంచి వచ్చి మా దగ్గర ఉన్నప్పుడు జరిగింది మాత్రం నేను అనుకోనిది. ఆయన షిప్‌యార్డులో వెల్డింగ్ నేర్చుకుని, స్టీల్‌ప్లాంట్ వైర్ రాడ్ మిల్‌లో రిటైరయ్యారు. ఉక్కునగరం క్వార్టర్స్‌లో మా బాల్యం గడిచింది. మావాడికీ ఆయనకూ మధ్య ఎప్పుడూ “బాగున్నావా”, “తిన్నావా”, “బాగా చదువుతున్నావా” దాటి మాట నడిచేది కాదు. ఒక సాయంత్రం మావాడు ఈ కచేరీ చూస్తుంటే ఆయన వచ్చి సోఫాలో కూర్చున్నారు. చప్పుడుకి లేచి వెళ్ళిపోతారనుకున్నాను. ఆయన తెరమీద గిటార్ వాయిస్తున్న టోనీ ఐయోమీ చేతినే చూస్తూ, “ఆ వేళ్ళకేమిటిరా తొడుగులు?” అన్నారు.

మావాడు బొమ్మ ఆపి చెప్పడం మొదలుపెట్టాడు. సగం తెలుగు, సగం ఇంగ్లీషు. ఐయోమీ పదిహేడేళ్ళ వయసులో ఇక్కడి రేకుల ఫ్యాక్టరీలో వెల్డర్. ఆ ఉద్యోగంలో అది ఆఖరి రోజు, ఆ తర్వాత బ్యాండ్‌తో వెళ్ళిపోవాలి. రేకును నొక్కే ప్రెస్సు మీద పనిచేసే మనిషి ఆ రోజు రాలేదు, ఇతణ్ణి ఆ మెషిన్ మీద పెట్టారు. అలవాటు లేని మెషిన్. ప్రెస్సు కుడిచేతి మీద పడి, చెయ్యి లాక్కునేసరికి మధ్యవేలు, ఉంగరంవేలు కొసలు తెగిపోయాయి. అతను ఎడమచేతివాటం వాడు, కాబట్టి తీగలు నొక్కాల్సినవి ఆ కుడిచేతి వేళ్ళే.

మా నాన్నగారు వెంటనే, “చేతికి అడ్డుగా గార్డు లేని ప్రెస్సు మీద కొత్తవాణ్ణి పెట్టారు” అన్నారు. ఆయన గొంతులో నిజమైన కోపం. తన షిఫ్టులో చూసిన ప్రమాదాలు, తెగిన వేళ్ళు ఒక్కొక్కటే చెప్పారు. ఇవి నాకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. మావాడు కళ్ళు పెద్దవి చేసుకుని విన్నాడు.

నన్ను పట్టి ఆపింది మరో సంగతి. ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చిన ఐయోమీ ఇక వెళ్ళనన్నాడట. వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. మొదలుపెట్టిన పని సరిగ్గా పూర్తిచేసి రా అని పంపింది. ఏ తల్లయినా అదే చెబుతుంది. ఆ రాత్రి ఆవిడ ఎలా నిద్రపోయి ఉంటుందో నేను చాలాసేపు ఆలోచించాను.

తర్వాత కథ మా నాన్నగారికి ఎంతగా నచ్చిందంటే దాన్ని మళ్ళీ చెప్పించుకున్నారు. ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఆ కుర్రాడి దగ్గరికొచ్చి జాంగో రైన్‌హార్ట్ రికార్డు వినిపించాడు. మంటల్లో చెయ్యి కాలి, రెండు వేళ్ళు సరిగ్గా పనిచేయకపోయినా అద్భుతంగా గిటార్ వాయించిన మనిషి జాంగో. అది విని ఐయోమీ గిన్నెలు తోముకునే లిక్విడ్ సీసా ప్లాస్టిక్‌ని కరిగించి, వేలికి సరిపోయేలా మలిచి, పాత జాకెట్ తోలు అంటించి తొడుగులు చేసుకున్నాడు. గట్టి తీగలు నొక్కలేక సన్నని బాంజో తీగలు కట్టుకున్నాడు. తర్వాత తీగలు వదులుగా ఉండేందుకు శ్రుతి కూడా తగ్గించాడు. 1971లో వచ్చిన ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ ఆల్బమ్‌లో ఆ కింది శ్రుతి బాగా వినిపిస్తుంది. ప్రపంచమంతా హెవీ మెటల్ అని పిలిచే ఆ బరువైన నాదంలో పెద్ద భాగం ఒక గాయపడ్డ చేతి అవసరంలోంచి పుట్టింది. “వీడు జిగ్గు, అదే పనికి కావాల్సిన సాధనం, తనే చేసుకున్నాడు, అసలైన వర్క్‌షాప్ మనిషి” అని మా నాన్నగారి మెచ్చుకోలు. ఆయన నోట ఇంతకన్నా పెద్ద సర్టిఫికెట్ నేనెప్పుడూ వినలేదు.

ఐయోమీ, మా నాన్నగారు ఒకే ఈడువాళ్ళు. ఆ ప్రెస్సు ప్రమాదం జరిగింది 1965లో. మరుసటి ఏడాదే ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అంటూ రోడ్డెక్కిన విద్యార్థుల్లో మా నాన్నగారు ఉన్నారు. మావాడు ఆ రెండు సంవత్సరాలనూ పక్కపక్కన పెట్టి చూసుకున్నది ఆ సాయంత్రమే.

సంగీతం విషయానికి వస్తే, నేను చిన్నప్పుడు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను, వాడికీ వయొలిన్ క్లాసు ఉంది. కచేరీ వాన చప్పుడుతో, గంట మోతతో మొదలై బ్యాండ్ పేరే ఉన్న పాటలోకి వెళ్తుంది. అందులో గిటార్ వాయించేది మూడే స్వరాలు. మావాడు ఒకరోజు వాటిని వయొలిన్ మీద పట్టుకుని, “అమ్మా, ఇది సా, పై సా, ఆ తర్వాత ప్రతి మధ్యమం” అన్నాడు. నిజమే. ప్రతి మధ్యమం అంటే రెండు ‘మ’లలో పైది. ఆ మూడో స్వరాన్ని ఐయోమీ వణికిస్తాడు కూడా. యూరప్ సంగీతంలో ఆ అంతరానికి సైతాను పేరు తగిలించారు. మనకు అదే కల్యాణిలోని ప్రతి మధ్యమం, శుభకార్యాల్లో నాదస్వరం మీద వినే స్వరం. 72 మేళకర్తల్లో, అంటే మూల రాగాల్లో, సగానికి అదే మధ్యమం. చుట్టూ ఏ స్వరాలున్నాయో, ఎంతసేపు నిలబెడతారో, దాన్నిబట్టి ఒకచోట వెన్నులో వణుకు, ఇంకోచోట మనసుకు హాయి. వాడు రెండూ వాయించి వినిపించాడు. ఈ ఇంట్లో పుట్టిన పిల్లవాడికి మాత్రమే అది అంత సులువుగా దొరికిందని నా నమ్మకం.

పిల్లలకు మన మూలాలు నేర్పాలని మనం పడే ఆరాటం నాకు బాగా తెలుసు, నేనూ పడుతున్నాను. శనివారం తెలుగు క్లాసు, టివిడేల్ బాలాజీ గుడి, సంక్రాంతికి ముగ్గు. ఇవి మానం. కానీ మన పిల్లలకు ఒక ఊరు ఉంది, దానికీ తాతలున్నారు, వాళ్ళకూ కథలున్నాయి. ఆ గుడి ఉన్న బ్లాక్ కంట్రీ అనే ప్రాంతమంతా ఒకప్పుడు బొగ్గు గనులు, ఇనుప కొలుములు. తను పుట్టిన నేల కథ తెలిసిన పిల్లవాడు మన కథ అడగడానికి కూడా వెనకాడడు. ఇక్కడ అతిథిలా పెంచితే అక్కడా అతిథిగానే మిగులుతాడు.

ఆ రికార్డింగ్‌లో మావాడిని బాధపెట్టేది ఒకటుంది. డ్రమ్స్ మీద పాత నలుగురిలో ఒకడైన బిల్ వార్డ్ లేడు. కాంట్రాక్టు దగ్గర మాట కుదరక రాలేదు, టామీ క్లుఫెటోస్ వాయించాడు. గొప్పగానే వాయించాడు, అయినా “నలుగురూ ఉండాలి కదమ్మా” అంటాడు. ఆ కోరిక 2025 జూలై 5న విల్లా పార్క్‌లో తీరింది. ఈ ఊళ్ళోనే ఆస్టన్ అనే పేటలో ఓజీ పెరిగిన ఇంటికి దగ్గరలోనే ఉన్న స్టేడియం అది. పార్కిన్సన్స్ జబ్బుతో నిలబడలేని ఓజీ సింహాసనంలాంటి కుర్చీలో కూర్చుని పాడాడు, పక్కన ఐయోమీ, బేస్ గిటార్ వాయించే గీజర్ బట్లర్, వెనక బిల్ వార్డ్. జూలై 22న ఓజీ కన్నుమూశాడు.

జూలై 30న బ్రాడ్ స్ట్రీట్ మీదుగా అంతిమయాత్ర వెళ్ళింది. ఏ పూలు తీసుకెళ్ళాలని మావాడు అడిగితే, సోహో రోడ్‌లో బంతిపూల దండ కొన్నాం. బ్లాక్ సబ్బాత్ పేరున్న ఆ కాలవ వంతెన దగ్గర కుప్పలుగా పూలు, బొమ్మలు, ఉత్తరాలు. ఒక పెద్దాయన దండ చూసి మావాణ్ణి పలకరించి, కుర్రతనంలో ఈ బ్యాండ్‌ని ఆస్టన్‌లో చిన్న హాల్లో విన్న సంగతి చెప్పాడు. వీడు ఐయోమీ తొడుగుల దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. ఇద్దరూ సాటి ఊరివాళ్ళలా మాట్లాడుకున్నారు. నేను పక్కకు జరిగి నిలబడ్డాను.

ఆస్టన్ ఫ్యాక్టరీల చప్పుడే ఈ సంగీతంలోకి వచ్చిందని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఆ మాట పట్టుకుని మావాడు ఇప్పుడు వీడియో కాల్‌లో వాళ్ళ తాతయ్యను మిల్లు గురించి అడుగుతున్నాడు. ఎర్రగా కాలిన కడ్డీ పరుగెడుతుంటే ఎలా మోగేది, నైట్ షిఫ్టులో ఏ చప్పుడు ఆగితే భయం వేసేది, ఇలాంటివి. మా నాన్నగారు చెప్పి చెప్పి, మాటలు చాలక భోజనాల బల్ల మీద రెండు చేతులతో కొట్టి చూపిస్తారు. “ఆగండి తాతయ్యా, ఇంకోసారి, నెమ్మదిగా కొట్టండి” అంటూ వీడు గిటార్ తెచ్చుకుంటాడు. విశాఖలో అప్పటికి రాత్రి పదకొండు దాటుతుంది. “పక్కింటివాళ్ళు పడుకున్నారు, ఇక ఆపండి” అని అవతల మా అమ్మ కేకలేస్తుంది. ఇద్దరూ ఆపరు.