ఎగిరే పళ్లేలు నిజమని తేలితే నెలనెలా ఫండ్లలో వేసే మన సిప్‌లు ఏటయిపోతాయి?

2023 జూలై 26న అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం ముందు డేవిడ్ గ్రష్ అనే మాజీ ఇంటెలిజెన్స్ అధికారి ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పాడు. కూలిన అంతుచిక్కని ఎగిరే వాహనాలను (యూఎఫ్‌ఓలను) గుట్టుగా సేకరించే కార్యక్రమం ప్రభుత్వానికి ఉందని తనకు సమాచారం అందిందన్నాడు. అదే రోజు అమెరికా షేర్ల సూచీ డౌ జోన్స్ వరసగా 13వ రోజు పెరిగింది. 1987 తర్వాత అంత పొడవైన వరస అదే. ట్రేడర్ల కళ్లన్నీ అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ మీదే ఉన్నాయి. ఆ రోజే అది వడ్డీని పావు శాతం పెంచి 5.25–5.50 చేసింది. గ్రహాంతరవాసులకంటే పావు శాతం వడ్డీయే బరువుగా తోచింది మార్కెట్‌కి!

అందులో తప్పులేదు. అమెరికా ఇంటెలిజెన్స్ 2021 జూన్ నివేదికలో ఇలాంటి వస్తువులు కనిపించిన 144 ఘటనలుంటే ఒక్కదానికే సమాధానం దొరికింది, అదీ గాలి పోతున్న పెద్ద బెలూన్. 2024 మార్చిలో వీటిని పరిశీలించే పెంటగాన్ కార్యాలయం ఏఏఆర్‌ఓ తన చరిత్ర నివేదికలో గ్రహాంతర సాంకేతికతకు ఆధారమేదీ దొరకలేదంది. ఇలాంటి కాగితాలు ఇంకో పది వచ్చినా మన ఫండ్ల ఎన్‌ఏవీ (యూనిట్ విలువ) కదలదు. కదిలించేది వేరే ఉంది: వస్తువు చేతిలో ఉంది, అది నడవడానికి చమురు అక్కర్లేదు అని ప్రభుత్వమే ఒప్పుకోవడం.

ఎందుకో లెక్క వేసి చూడండి. ఒక కంపెనీ లాభం ఏటా 5 శాతం పెరుగుతుందని, మనం అడిగే రాబడి 12 శాతమని అనుకుందాం. అప్పుడు ఇవాళ్టి షేరు ధరలో దాదాపు 52 శాతం పదేళ్ల తర్వాత వచ్చే లాభాలదే. ఆ దూరపు లాభాల మీద నమ్మకం సడలి జనం 12కి బదులు 13 అడిగితే ధర 12.5 శాతం పడుతుంది. 14 అడిగితే 22 శాతం. ఈ త్రైమాసికం అమ్మకాల్లో ఒక్క రూపాయి తగ్గక్కర్లేదు. చమురు, బొగ్గు, రిఫైనరీ షేర్లకు దెబ్బ ముందు తగులుతుంది. వాటికి అప్పిచ్చిన బ్యాంకులకు ఆ తర్వాత. ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకునే మన దేశానికి దీర్ఘకాలంలో అది మేలే కావచ్చు గానీ, మొదటి వారంలో ఆ సంగతి ఎవరూ ఆలోచించరు.

అసలు చిక్కు గడియారంతో వస్తుంది. అమెరికా మార్కెట్ తెరిచేది వేసవిలో మనకు రాత్రి 7 గంటలకు, శీతకాలంలో 8కి. మన మార్కెట్ మధ్యాహ్నం 3:30కే మూస్తారు. వాషింగ్టన్ ప్రకటన వస్తే గుజరాత్ గిఫ్ట్ సిటీలో రాత్రి 2:45 దాకా నడిచే నిఫ్టీ ఫ్యూచర్స్ కాంట్రాక్ట్, గిఫ్ట్ నిఫ్టీ, పడుతూనే ఉంటుంది, విజయనగరంలో కూర్చున్న మదుపరి చూస్తూనే ఉంటాడు. ఇది ఊహ కాదు. 2020 ఏప్రిల్ 20న లాక్‌డౌన్ వేళల వల్ల మన సరుకుల ఎక్స్చేంజీ ఎంసీఎక్స్‌ని సాయంత్రం 5కే మూసేశారు. ఆ రాత్రి అమెరికాలో ముడి చమురు మైనస్ 37.63 డాలర్లకు దిగింది. ఇక్కడి ముడి చమురు కాంట్రాక్ట్‌ను మైనస్ 2,884 రూపాయల దగ్గర తేల్చారు. కొని పెట్టుకున్నవాళ్లకి అమ్మే తలుపే లేకపోయింది.

మర్నాడు 9:15కి ఏం జరుగుతుంది? సూచీ మధ్యాహ్నం 1 లోపు 10 శాతం పడితే 45 నిమిషాలు ఆపేస్తారు. 15 శాతమైతే గంటా ముప్పావు. 20 శాతమైతే ఆ రోజుకి ఇంక లేదు. 2020 మార్చి 23న మొదటి గంటలోనే 10 శాతం దాటి ఆగింది, తెరిచాక ఇంకా జారి 13 శాతం దగ్గర ముగిసింది.

ధర ఇంతకి పడితే అమ్మేయమని ముందే స్టాప్‌లాస్ పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లు చాలామంది. 400 రూపాయల షేరుకి ట్రిగ్గర్ (ఆర్డర్ లేచే ధర) 380, లిమిట్ (అంతకు తక్కువకి అమ్మొద్దన్న ధర) 378 పెట్టారనుకోండి. షేరు నేరుగా 350 దగ్గర తెరుచుకుంటే ట్రిగ్గర్ పేలుతుంది, ఆర్డర్ మాత్రం 378 దగ్గర కొనేవాడు లేక వేలాడుతుంది. రోజుకి 5 శాతానికి మించి పడనివ్వని సర్క్యూట్ ఉన్న చిన్న షేరైతే మరీ ఘోరం: 380, 361, 342.95, మూడు రోజులు ఒక్క షేరూ అమ్ముడుపోదు. సర్క్యూట్ తగలని షేరుకి లిమిట్ లేని మార్కెట్ ఆర్డర్ పెడితే అమ్ముడవుతుంది కానీ ఏ ధరకన్నది మన చేతిలో ఉండదు. ఈ రెంటిలో ఏది కావాలో ప్రశాంతంగా ఉన్నప్పుడే తేల్చుకోవాలి.

మ్యూచువల్ ఫండ్ వాళ్లకి ఈ గోల తక్కువ. 3 గంటల్లోపు పెట్టిన అమ్మకానికి ఆ రోజు ఎన్‌ఏవీయే వస్తుంది, డబ్బు చేరడానికి రెండు మూడు పనిదినాలు పడుతుంది. పదేళ్ల కోసం మొదలెట్టిన సిప్‌ని ఇలాంటి వార్తకి ఆపడం నా దృష్టిలో దండగ. ఆపాల్సింది అప్పుతో కొనడాన్ని. సొంత లక్షకి బ్రోకర్ లక్ష కలిపి ఎంటీఎఫ్ అనే అప్పు సదుపాయంలో కొన్నారు, షేర్లు 20 శాతం పడ్డాయి: చేతిలో మిగిలేది 60 వేలు, అంటే 40 శాతం నష్టం, పైన వడ్డీ. అడిగిన మార్జిన్ (హామీ సొమ్ము) కట్టకపోతే బ్రోకర్ అదే అడుగు ధరకి అమ్మేస్తాడు. పతనం తర్వాత కోలుకోవడానికి మీ దగ్గర షేర్లే ఉండవు.

బంగారం కాపాడుతుందా? చివరికి కాపాడొచ్చు, మొదట్లో మాత్రం చెప్పలేం. 2020 మార్చిలో అందరూ నగదు కోసం పరిగెత్తినప్పుడు ప్రపంచ మార్కెట్లో బంగారం పది రోజుల్లో పదో వంతుకు పైగా పడింది. నగల రూపంలో ఉంటే తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ తిరిగి రావు.

పలాస జీడిపప్పు వ్యాపారులకి మాత్రం షేర్లకంటే డాలర్ ముఖ్యం. ఆఫ్రికా దేశాల నుంచి వచ్చే పిక్కలకి డాలర్లలో కట్టాలి. ప్రపంచం భయపడ్డప్పుడల్లా డబ్బు డాలర్ వైపు పోతుంది. లక్ష డాలర్ల సరుకు మీద మారకం ఒక్క రూపాయి పెరిగితే లక్ష రూపాయలు అదనం. ఆర్డర్ ఇచ్చిన రోజే బ్యాంకులో ఫార్వర్డ్ కవర్ తీసుకుంటే రేటు కట్టుబడిపోతుంది. ఫార్వర్డ్ ప్రీమియం ఖర్చవుతుంది, తర్వాత డాలర్ తగ్గినా ఆ లాభం దక్కదు.

ఇంట్లో నగదు సంగతి ఉద్దానం వాళ్లకి చెప్పక్కర్లేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను కొట్టాక రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు, సిగ్నల్ లేకపోతే ఏటీఎం, ఫోన్ చెల్లింపులు రెండూ మూగబోతాయి. రెండు వారాల ఖర్చు చిన్న నోట్లలో, ఆరు నెలల ఖర్చు రెండు బ్యాంకుల్లో ఉంచాలి. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి 5 లక్షల వరకే. లిక్విడ్ ఫండ్‌లో వెంటనే తీసుకునే సదుపాయం ఉన్నా, 50 వేలు లేదా ఉన్న విలువలో 90 శాతం, ఏది తక్కువైతే అదే. తుఫాను కోసం ఉంచుకున్నది దీనికీ చాలు.

అన్నిటికంటే ముందు వచ్చేది మాత్రం టెలిగ్రామ్ గ్రూపుల్లో ‘యాంటీగ్రావిటీ షేరు’ చిట్కా. పేరు చూసి కొనే జబ్బు కొత్తది కాదు. 2020 మార్చిలో జూమ్ వీడియో అనుకుని జనం జూమ్ టెక్నాలజీస్ అనే వేరే కంపెనీ కొంటుంటే అమెరికా నియంత్రణ సంస్థ దాని ట్రేడింగే ఆపింది. యూఎఫ్‌ఓ అనే సంకేతంతో 2019 నుంచి ఒక ఈటీఎఫ్ (షేరులా కొని అమ్మే ఫండ్) ఉంది. అందులో ఉండేవి ఉపగ్రహ, అంతరిక్ష కంపెనీలు! చిట్కా చెప్పేవాడికి మన మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇచ్చిన నంబర్ అడగండి: రీసెర్చ్ అనలిస్ట్‌దైతే ఐఎన్‌హెచ్‌తో, సలహాదారుదైతే ఐఎన్‌ఏతో మొదలవుతుంది. దాన్ని సెబీ వెబ్‌సైట్‌లోనే సరిచూడాలి, వాళ్లు పంపిన లింకులో కాదు. తర్వాత కంపెనీ మార్కెట్ విలువలో మొదటి 250లో ఉందో లేదో చూడండి. ఉంటే, వదంతి వల్ల ధర బాగా కదిలినప్పుడు 24 గంటల్లో అవునో కాదో ఎక్స్చేంజీకి చెప్పడం 2024 డిసెంబర్ నుంచి తప్పనిసరి. 251వ కంపెనీకి ఆ నిబంధన లేదు, చిట్కాలు పుట్టేదీ అక్కడే.