సుంకి ఘాటీకి సరిపోయే వెనక టైర్లు: నా అనుభవం

ఒడిశాలోని జయపురం నుంచి కోరాపుట్, సిమిలిగుడ, పొట్టంగి మీదుగా సుంకి ఘాటీ (మలుపుల కొండదారి) దిగి సాలూరు చేరే 26వ నంబరు జాతీయ రహదారి మాలాంటి తెలుగు కుటుంబాలకు ఇంటి ముందు వీధితో సమానం. పెళ్లిళ్లకైనా, పెద్దాసుపత్రికైనా, మిల్లు సామాన్లకైనా విశాఖ వెళ్లాలంటే ఇదే దారి. ఆ దారిలో నేను నడిపేది సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న బీఎండబ్ల్యూ జెడ్4. మూడు లీటర్ల టర్బో ఇంజను, 306 హార్స్‌పవర్, ఆ బలమంతా వెనక చక్రాలకే. మైదానంలో అది ఎంత ఆనందమో, వానాకాలం ఘాటీలో అంత బాధ్యత.

ముందు చక్రాలు లాగే కారు మలుపులో పట్టు తప్పితే సాధారణంగా ముందుకే జారుతుంది, యాక్సిలరేటర్ వదిలితే సర్దుకుంటుంది. వెనక చక్రాలు తోసే కారు అలా కాదు. పట్టు తప్పితే తోక పక్కకొస్తుంది, కంగారుపడి ఒక్కసారి కాలు తీసేస్తే ఇంకా తిరుగుతుంది. కారులో ఉన్న ఎలక్ట్రానిక్ రక్షణ బ్రేకు వేయగలదు, ఇంజను బలం తగ్గించగలదు గానీ లేని పట్టును తెచ్చివ్వలేదు. అందుకే ఈ టైర్ల ఎంపికకు నేను బాగా సమయం పెట్టాను.

మేలో చూసుకుంటే వెనక టైర్లు గాడుల్లోని గుర్తు దాకా వచ్చేశాయి. ఆ గుర్తు ఎత్తు 1.6 మిల్లీమీటర్లు, చట్టం ఒప్పుకునే హద్దు అదే. మా వానలకు మాత్రం 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చేయాలని నా అభిప్రాయం. వెడల్పు టైరు కింద నీళ్లు పక్కకు పోవడానికి గాడి లోతు కావాలి. అది లేకపోతే టైరు నీళ్ల మీద తేలుతుంది. ముందు టైర్లలో ఇంకా లోతు ఉంది. కానీ ముందు 225, వెనక 255 మిల్లీమీటర్ల వెడల్పు కాబట్టి వాటిని వెనక్కి మార్చే వీలే లేదు.

కొత్తవాటి కోసం వెతకడం మొదలుపెట్టక ముందే సాలూరులో మా బావ ఇంటి దగ్గర ఆగడం మంచిదైంది. సాలూరు లారీల ఊరు. బావ లారీల మీదే పెరిగాడు. కారు జాకీ మీద లేపించి, వెనక టైరు మీద అరచెయ్యి ఆనించి, అడ్డంగా లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి రాశాడు.

"బావా, నువ్వూ ఓసారి సెయ్యెట్టి సూడు. లోపలికి తోస్తే నున్నగా ఉంది, బయటికి లాగితే గీరుతోంది. ఇది రోడ్డు తిన్న టైరు కాదు, ఎలైన్‌మెంటు తిన్న టైరు."

నిజమే. రబ్బరు దిమ్మెల అంచులు ఒక వైపే రంపపు పళ్లలా తేలి ఉన్నాయి. చక్రం సూటిగా దొర్లకుండా కాస్త పక్కకు ఈడ్చుకుంటూ పోతే అలా అవుతుంది. లైటు పెట్టి చూస్తే లోపలి అంచు బయటి అంచు కంటే బాగా అరిగిపోయింది. నిలబడి చూసేవాళ్లకు ఆ అంచు కనపడదు. ఎలైన్‌మెంటు, అంటే చక్రాలు నిలబడే కోణాలు, సరిచేయకుండా ఎంత ఖరీదైన టైరు వేసినా గతి అదేనని బావ మాట.

తర్వాత దుకాణాలు. ఒకచోట నా వెనక టైరు సైజు 255/35 లేదని, 255/40 వేసుకోమన్నారు. ఇందులో మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. "గుంతల రోడ్డుకి ఎత్తు టైరే మంచిది సార్" అన్నారు. వినడానికి బాగానే ఉంది, అందుకే అక్కడే కాగితం మీద లెక్క వేశాను. ముందు 225/40 ఆర్18 (అంటే 18 అంగుళాల రిమ్ముకు) టైరు మొత్తం ఎత్తు 637 మిల్లీమీటర్లు. వెనక 255/35 ఆర్18 ఎత్తు 636. రెండూ దాదాపు సమానంగా ఉండేలా కంపెనీ కావాలనే పెట్టింది. అదే 255/40 వేస్తే వెనక ఎత్తు 661 అవుతుంది, అంటే 4 శాతం తేడా. జారుడును పసిగట్టే ఎలక్ట్రానిక్స్ నాలుగు చక్రాల వేగాన్ని పోల్చుకుంటూ పనిచేస్తుంది. దానికి ప్రతి క్షణం తప్పుడు లెక్క అందించి, వానలో నన్ను కాపాడమంటే ఎలా? సైజు విషయంలో బేరం లేదని లేచి వచ్చేశాను.

ఇంకోచోట సరైన సైజే ఉంది, ధర కూడా తక్కువ. పక్కగోడ మీద అండాకారపు గడిలో చివరి నాలుగంకెలు 2419. అంటే 2019లో 24వ వారం తయారైంది. వాడకపోయినా రబ్బరు గట్టిపడుతుంది, తడిలో మొదట పోయేది ఆ మెత్తదనమే. వద్దన్నాను. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిపై ఆంక్షలు పెట్టింది. ఇలాంటి అరుదైన సైజుల్లో ఎంపిక తక్కువే, ఎదురుచూడక తప్పదు. ఎదురుచూసినా సరే, ఐఎస్ఐ గుర్తు, తయారీ వారం చూడకుండా డబ్బు కట్టకూడదు.

అసలు తల బద్దలుకొట్టుకున్నది రన్‌ఫ్లాట్ దగ్గర. ఈ కారుకు స్టెపినీ లేదు. కంపెనీ ఇచ్చినవి రన్‌ఫ్లాట్ టైర్లు: గాలి మొత్తం పోయినా గట్టి పక్కగోడల మీద గంటకు 80 కిలోమీటర్లు దాటకుండా సుమారు 80 కిలోమీటర్లు పోవచ్చు. రాత్రిపూట ఘాటీలో, ఫోను సిగ్నల్ అందనిచోట, పక్కన అమ్మ కూర్చుని ఉంటే ఆ ధైర్యం చిన్నది కాదు. మా ఆవిడ ఓటు రన్‌ఫ్లాట్‌కే.

నా ఆలోచన వేరు. ఆ గట్టి పక్కగోడ వల్ల అతుకుల రోడ్డు మీద మలుపు మధ్యలో వెనక చక్రం చిన్నగా ఎగిరి పడేది. ఎగిరిన క్షణంలో పట్టు ఉండదు. వానాకాలంలో నాకు రోజూ ఎదురయ్యే ప్రమాదం అది, పంక్చరు ఎప్పుడో ఒకసారి. గుంతలో పడితే గట్టి టైరు దెబ్బను రిమ్ముకే ఎక్కువగా చేరుస్తుంది కూడా. చివరికి మామూలు టైర్లే అనుకున్నాను. డిక్కీలో ట్యూబ్‌లెస్ పంక్చరు కిట్టు, మంచి కంప్రెసరు ఎప్పుడూ ఉంటాయని ఇంట్లో మాటిచ్చాను. పక్కగోడ చీలితే కిట్టు పనిచేయదు. అప్పుడు సాలూరు నుంచి బావ బండి పంపాల్సిందే, దానికి ఆయన ఒప్పుకున్నాడు.

ఈ నిర్ణయంతో నాలుగూ మార్చాల్సి వచ్చింది. ముందు గట్టివి, వెనక మెత్తవి కలిపి నడిపితే కారు తిరిగే తీరే మారిపోతుంది. ఇలాంటి కారులో అది ఒప్పుకోలేను. ముందువాటిలో మిగిలిన రబ్బరు పోయినా నాకు బాధ లేదు.

చివరికి తీసుకున్నవి మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4. ట్రాక్ మీద వాడే రకాలు పొడి రోడ్డు మీద ఇంకా అతుక్కుంటాయి, కానీ వాటి గాడులు మా వానకు చాలవు. డిసెంబరు ఉదయాల్లో పొట్టంగి వైపు చలి 10 డిగ్రీల లోపుకు దిగుతుంది, అప్పుడు అవి వేడెక్కవు. పాత వెనక టైరు మీద బరువు సంఖ్య 90, అంటే ఒక్కోటి 600 కేజీలు మోస్తుంది. కొత్తదాని మీద 94, అంటే 670. చివరి అక్షరం వై, గంటకు 300 కిలోమీటర్ల వేగానికి. ఆ వేగం నాకెందుకూ పనికిరాదు గానీ, బరువు సంఖ్య మాత్రం కంపెనీ చెప్పినదానికంటే ఎప్పుడూ తగ్గకూడదు.

బిగించడం విశాఖలోనే. గట్టి అంచున్న పాత రన్‌ఫ్లాట్లను ఇనప కడ్డీలతో పెకిలిస్తే అల్లాయ్ రిమ్ము గీసుకుపోతుంది. అదనపు చెయ్యి ఉన్న మెషీను కావాలి. ఎలైన్‌మెంటు చేసేటప్పుడు నాలుగు చక్రాలకూ చేయమని పట్టుబట్టాను, ముందు రెంటికే చేసి పంపేసేవాళ్లే ఎక్కువ. తెర మీద వెనక ఎడమ చక్రం అంకె ఎర్రగా ఉండటం, అది మెల్లగా పచ్చగా మారడం దగ్గరుండి చూసి, ఆ కాగితం తెచ్చుకున్నాను.

తయారీలో అచ్చు నుంచి అంటిన జారుడు పొర పోయేదాకా మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగానే నడపాలి. నేను ఘాటీ ఎక్కింది కూడా పగటిపూట, పొడి రోడ్డు మీదే. గాలి విషయం కొండమీద ఉండేవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. విశాఖ ఎండలో నింపిన గాలి కోరాపుట్ చలికి తగ్గుతుంది, 10 డిగ్రీలకు సుమారు ఒకటిన్నర పిఎస్ఐ చొప్పున. అందుకని తలుపు దగ్గర అంటించిన పట్టికలోని అంకె ప్రకారం, తెల్లారి కారు కదలకముందే, ఇంటి దగ్గరే చూసుకుంటాను. అదే సమయంలో అరచెయ్యి టైరు మీద అటూ ఇటూ రాసి చూస్తాను. ఇప్పటిదాకా రెండు వైపులా నున్నగానే ఉంది.