పట్టేసిన పిస్టన్

ఆదివారం, రాత్రి పది దాటింది.

ఇవాళ పిస్టన్ కదిలింది. మూడు వారాల నుంచి ఈ మాట రాయాలని ఎదురుచూస్తున్నాను. అందుకే ముందు ఇదే రాసేశాను.

నాన్న జావా 250 మోటారు సైకిల్ ఏళ్ల తరబడి గోడకి ఆనించి ఉండిపోయింది. కప్పిన పట్టా చిరిగిపోయింది, ఒక సైలెన్సర్‌లో కందిరీగలు మట్టిగూడు కట్టుకున్నాయి. బాగు చేద్దామని బయటికి తీసిన రోజు కిక్ తొక్కితే బండరాయి మీద కాలేసినట్టు అనిపించింది. ఇంకాస్త గట్టిగా తొక్కబోయాను. "ఒరే, ఆపు! రాడ్ వంగిపోతుంది" అని నాన్న కేకేశాడు. మోకాళ్ల నొప్పులతో కుర్చీలోంచి లేవడానికి ఇబ్బంది పడే మనిషి ఆ ఒక్క క్షణం లేచి నిలబడ్డాడు.

ఆ రోజు నుంచీ ఓపికే పని. స్పార్క్ ప్లగ్ విప్పి, ఆ కన్నంలోంచి డీజిలూ ఇంజిన్ ఆయిలూ కలిపి పోశాను. అదృష్టం ఏమిటంటే పిస్టన్ పోర్టులు, అంటే పొగ పోవడానికి సిలిండరు గోడకి ఉండే కన్నాలు, దాటి పైన పట్టేసింది, అందుకే పోసిన నూనె సైలెన్సర్ దారి పట్టకుండా పైనే నిలిచింది. రోజూ పొద్దున్నే చీపురుపుల్ల ముంచి ఎంత దిగిందో చూడటం, తగ్గితే మళ్లీ పోయడం. మొదటి రెండు వారాలు గింజంత కూడా దిగలేదు. నిన్న రాత్రి పోసింది మాత్రం పొద్దునకల్లా మొత్తం ఇంకిపోయింది. పిస్టన్ చుట్టూ ఉండే రింగుల పక్కనుంచి దారి దొరికిందన్నమాట. నాన్నకి చెప్తే కళ్లజోడు పెట్టుకుని వచ్చి కూర్చున్నాడు.

ఈసారి కిక్ జోలికి పోలేదు. జావాలో గేరు వేసేదీ, కిక్ కొట్టేదీ ఒకటే లివరు. లోపలికి నొక్కి పైకి తిప్పితే అదే కిక్ అవుతుంది. పాప దాన్ని ఎన్నిసార్లు చూసినా మళ్లీ చూపించమంటుంది. నాలుగో గేరులో వేసి బండిని ముందుకీ వెనక్కీ ఊపమన్నాడు నాన్న. వెనక చక్రంతో ఇంజిన్ని తిప్పాలంటే టాప్ గేరులోనే తేలిక, మన బలం ఎక్కువగా అందుతుంది. ప్లగ్ కన్నంలో చీపురుపుల్ల నిలబెట్టి, పెన్నుతో గీత పెట్టి, దాన్నే చూస్తూ ఉండమని పాపకి చెప్పాను.

ముందుకి. వెనక్కి. టైరు నేల మీద గీరుకుంటోంది తప్ప ఏమీ లేదు. పది నిమిషాలయ్యాక కాస్త ఆగి, మళ్లీ కొంచెం నూనె పోసి, మళ్లీ ఊపాను. ఎన్నో సారో తెలియదు, చక్రం ఎప్పటికంటే బొటనవేలంత ఎక్కువ తిరిగినట్టు చేతికి తెలిసింది. అదే సమయానికి పాప అరిచింది: "నాన్నా, గీత కిందకి పోయింది!"

నాన్న ఏమీ అనలేదు. చెయ్యి చాచి ట్యాంకు మీద రెండుసార్లు తట్టాడు.

ఆ తట్టడం చూసి పాప ట్యాంకు మీది అక్షరాలు చదివి, జావా అంటే ద్వీపం కదా తాతయ్యా, అంది. కాదమ్మా, మనిషి పేరు సగం, కంపెనీ పేరు సగం అని నాన్న చెప్పుకొచ్చాడు. 1929లో ప్రాగ్‌లో ఫ్రాంటిషెక్ యానెచెక్ అనే ఆయన జర్మనీ వాండరర్ కంపెనీ దగ్గర మోటారు సైకిల్ తయారీ హక్కులు కొన్నాడు. ఆయన ఇంటిపేరు (Janeček)లో మొదటి రెండక్షరాలూ ఆ కంపెనీ పేరు (Wanderer)లో మొదటి రెండక్షరాలూ కలిపితే జావా. "మరి గొట్టాలు రెండున్నాయి, ఇంజిన్లు రెండా?" అని పాప మళ్లీ. ఒకటే సిలిండరు, పొగ బయటికి పోవడానికి దారులు మాత్రం రెండు. నా చిన్నప్పుడు నేనూ ఇదే అడిగానట.

మధ్యాహ్నం సిలిండరు మీది మూత, హెడ్, విప్పి, సిలిండరు చుట్టూ రబ్బరు సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పైకి లాగాను. అది పూర్తిగా బయటికి రాకముందే కింద ఇంజిన్ నోట్లో పాతగుడ్డ కుక్కాను. పిస్టన్‌ని కింది రాడ్‌కి కలిపే పిన్నుకి అటూ ఇటూ ఉండే సన్నటి తీగ లాకులు ఊడేటప్పుడు ఎగిరిపడతాయి. అందులో ఒకటి లోపల పడిందంటే ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే. మొదటి లాకు బుద్ధిగా వచ్చింది. రెండోది ముక్కు ప్లయర్ కొసనుంచి జారి ఎగిరింది. మా ముగ్గురికీ ఊపిరి ఆగినంత పనైంది. చూస్తే ఆ గుడ్డ మడతలోనే ఉంది.

పిన్ను రాలేదు. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ పిస్టన్ చుట్టూ చుట్టి కాసేపు ఉంచాను. అల్యూమినియం ఇనుము కంటే ఇంచుమించు రెట్టింపు వ్యాకోచిస్తుంది. పిస్టన్ అల్యూమినియం, పిన్ను ఉక్కు. వేడికి పిస్టన్ పట్టు వదిలింది, వేలితో నెడితే పిన్ను జారి వచ్చేసింది. సుత్తితో కొట్టి తీస్తే రాడ్‌కి దెబ్బ. ఇలా వదిలించడంలో ఉన్న ఆనందం వేరు.

పిస్టన్ నెత్తిమీద పట్టిన కార్బన్‌ని చెక్కపుల్లతో గీకితే 65 అన్న అంకె బయటపడింది. బోరు, అంటే సిలిండరు లోపలి అడ్డుకొలత, 65 మిల్లీమీటర్లు. స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం, 75. కంపెనీ నుంచి వచ్చిన సైజే, లోపల చెక్కించి పెద్దది చేసే రీబోర్ ఎవరూ ఎప్పుడూ చేయించలేదు. చేతిలో తిప్పి చూశాను. వెనకవైపు నున్నగా ఉంది. ముందువైపు, సైలెన్సర్ పోర్టులకి ఎదురుగా, పైనుంచి కింది దాకా నిలువు గీతలు. గీతల మధ్య లోహం కరిగి పూసుకుపోయినట్టు మసక మెరుపు. ఇది తుప్పు పని కాదు. బండి నడుస్తుండగా ఒకసారి పిస్టన్ పట్టేసిన గుర్తు.

నాన్నకిచ్చాను. చాలాసేపు చూశాడు. పాప లోపలికి వెళ్లాక అన్నాడు: "అది ఆ రోజుది."

పెళ్లైన కొత్తలో అమ్మని ఎక్కించుకుని వెళ్తున్నాడట. తొందరలో రెండు లీటర్ల పెట్రోలు పోసుకున్నాడు, ఆయిల్ కలపడం మరిచిపోయాడు. లీటరుకి 40 మిల్లీలీటర్లు, 80 పోయాలి. ఇలాంటి పాత టూ స్ట్రోక్ ఇంజిన్‌కి వేరే ఆయిల్ దారి ఉండదు. పెట్రోలుతో పాటు వచ్చే ఆ కాస్త ఆయిలే పిస్టన్‌నీ కింది బేరింగులనీ కాపాడాలి. అది లేకపోతే వేడెక్కిన పిస్టన్ ఉబ్బి ఇనప సిలిండరుని కరిచేస్తుంది, అదీ ముందు పొగ పోయే వైపున. మధ్యాహ్నం పిన్నుని వదిలించిన గుణమే అక్కడ పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుని బండి ఈడ్చుకుపోయింది. క్లచ్ నొక్కి ఎలాగో నిలబెట్టాడు. చెట్టు కింద చల్లారేదాకా కూర్చుని, ఆయిల్ తెచ్చి పోసి, మెల్లగా ఇంటికి చేరారు.

"మీ అమ్మకి చైను ఇరుక్కుందని చెప్పాను."

"ఇప్పటిదాకా చెప్పలేదా?"

తల అడ్డంగా ఊపాడు. నేనూ చెప్పను. ఇక్కడ రాసుకుంటున్నాను, అంతే.

ఆ గీతల మీద వేలు పెడితే ఆ రోజు చేతికి తగులుతోంది. నాన్న బండి ఎంత జాగ్రత్తగా నడిపేవాడో చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. ఈ ఒక్క రోజు గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. పిస్టన్ చెప్పింది.

సాయంత్రం బోరు కొలతలు చూశాను. పై రింగు గాడిలోనే అతుక్కుపోయింది కానీ కింది రింగు చక్కగా వచ్చింది. దాన్ని సిలిండరు అడుగున, అరుగుదల లేని చోట పెట్టి సన్నని సందులు కొలిచే రేకులతో, ఫీలర్ గేజ్‌తో, చూస్తే కొసల మధ్య సందు 0.30. పైకి జరిపితే 0.75. తేడా 0.45 చుట్టుకొలతలో పెరిగింది, దాన్ని 3.14తో భాగిస్తే అడ్డుకొలతలో 0.14 మిల్లీమీటర్ల అరుగుదల. ఈ లెక్క వేస్తుండగానే నాన్న సిలిండరు ఒళ్లో పెట్టుకుని, బొటనవేలి గోరు లోపలి గోడ మీద పైకి జరిపి, "ఇక్కడ ఆగుతోంది చూడు. బోర్ చేయించాల్సిందే" అన్నాడు. నేను పెన్నూ కాగితంతో తేల్చింది ఆయన గోటితో తేల్చేశాడు. బోరు 65.25 చేయిస్తే సరిపోవచ్చు. తుప్పు గుంటలు పోకపోతే 65.50కి వెళ్లాలి.

రంగు ఎప్పుడు వేయిస్తావని చూసినవాళ్లందరూ అడుగుతున్నారు. ఇంజిన్ శబ్దం వినకముందు రంగు గురించి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. ఆ పాత మెరూన్ మాసిపోయినా నాకు ముద్దుగానే ఉంది.

ఇందాక దుప్పటి కప్పడానికి వెళ్తే నాన్న అప్పటికే నిద్రపోతున్నాడు. సబ్బుతో తోమి తోమి కడుక్కున్నా బొటనవేలి గోటి కింద మసి సన్నగా గీతలా ఉండిపోయింది. దుప్పటి చెయ్యి మీద దాకా లాగి లైటు తీసేసి వచ్చాను.