పొట్టి గడ్డిలో నారింజ పువ్వు: స్కార్లెట్ గ్లోబ్‌మాలో

అమెరికాలోని కొలరాడోలో పానీ (Pawnee) గడ్డినేలల వైపు మే, జూన్‌లలో వెళ్తే, బ్లూ గ్రామా గడ్డి మధ్య జానెడు ఎత్తున నారింజ-ఎరుపు పూలు కనిపిస్తాయి. అవే స్కార్లెట్ గ్లోబ్‌మాలో, శాస్త్రీయ నామం స్ఫెరాల్సియా కాక్సీనియా. బెండ, పత్తి, మందారల చుట్టమే.

రంగు చూసి పేరు పెట్టేయకండి. అక్కడే చాలామంది పొరపడతారు. ఇండియన్ పెయింట్‌బ్రష్ కూడా దూరానికి ఇలాగే ఉంటుంది, కానీ దానిలో ఎర్రగా కనిపించేవి ఎక్కువగా పువ్వు కింది పత్రాలు. ఇక్కడ విడివిడిగా అయిదు రేకులుంటాయి, పువ్వు వెడల్పు దాదాపు 2 సెంటీమీటర్లు. మధ్యలో కేసరాలన్నీ కలిసి ఒకే గొట్టం, అచ్చం మందారంలో లాగే.

అసలు తేల్చేది ఆకు. 10 రెట్ల భూతద్దం పెట్టి చూడండి: బూడిదరంగు నూగు నిజానికి నక్షత్రాల్లా చీలిన వెంట్రుకలు. ఆకు చేతివేళ్లలా 3 నుంచి 5 భాగాలుగా లోతుగా చీలి ఉంటుంది. దాని దాయాది స్ఫెరాల్సియా అంగుస్టిఫోలియా నడుము దాకా పెరగగలదు, ఆకు సన్నగా పొడుగ్గా, లోతైన చీలికలు లేకుండా ఉంటుంది. ఫొటో తీసేటప్పుడు పువ్వొక్కటే తీస్తే ఈ తేడా దొరకదు. కింది ఆకులూ పడాలి.

పూలు రాలాక గుండ్రటి కాయ చక్రంలా ముక్కలుగా విడిపోతుంది. వేరు నేలలో పాకి కొత్త మొలకలు వేస్తుంది, అందుకే గుంపులుగా ఉంటాయి. పీకి తెచ్చి నాటితే మాత్రం సాధారణంగా బతకదు.