ఇంకా ఎనిమిది అవుట్లు

సియాటిల్‌కు వచ్చిన కొత్తలో బేస్‌బాల్ అంటే నాకు విసుగు. మూడు గంటలు కూర్చుని చూస్తే నాలుగు పరుగులా అని నవ్వేవాణ్ణి. 2025లో మా ఊరి జట్టు మారినర్స్ ఆ నవ్వుకు వడ్డీతో సహా బదులు చెప్పారు.

2001 తరువాత మొదటిసారి తమ డివిజన్‌లో, అంటే తమ గ్రూపులో, మొదటి స్థానం గెలిచారు. కాల్ రాలీ ఒక్కడే మన సిక్సర్ల లాంటి 60 హోమ్‌రన్లు కొట్టాడు. అతను క్యాచర్, అంటే మన వికెట్ కీపర్ లాంటివాడు. ప్రతి బంతికీ గొంతుక్కూర్చుని లేవాలి. ఆ మోకాళ్లతో అన్ని హోమ్‌రన్లు ఎలా కొట్టాడో!

డెట్రాయిట్‌తో ప్లేఆఫ్ సిరీస్‌లో చివరి మ్యాచ్, మామూలుగా తొమ్మిదితో ముగిసేది, 15 ఇన్నింగ్స్ సాగింది. మనవాడు పొలాంకో కొట్టిన గెలుపు బంతి ఇన్‌ఫీల్డ్ దాటగానే గంతేశాను. ఒళ్లో చల్లారిన ఉప్మా పళ్లెం తివాచీ మీద బోర్లా పడింది. మా ఆవిడ ఏమీ అనలేదు. తనూ గంతేసింది మరి.

తరువాత టొరంటోతో సిరీస్. తేల్చేసే ఏడో మ్యాచ్, ఏడో ఇన్నింగ్స్, మనవాళ్లది 3-1 ఆధిక్యం. అప్పటివరకు, ఆఖరి పోరైన వరల్డ్ సిరీస్‌ మొహమే చూడని ఏకైక జట్టుకు ఇంకా ఎనిమిది అవుట్లు తీస్తే చాలు. అప్పుడు టొరంటో బ్యాటర్ స్ప్రింగర్ బ్యాట్ ఊపాడు. హోమ్‌రన్. ముగ్గురు ఇంటిదారి పట్టారు, అంటే మూడు పరుగులు. 4-3, మనం ఓడాం.

టీవీ కట్టేశాక కూడా చాలాసేపు ఎవరమూ లేవలేదు. తివాచీ మీద ఉప్మా మరక ఇంకా ఉంది. తుడవాలనిపించడం లేదు.